లోపలి గడియ

ఒక తలుపు గడియ కోసం ఏడు నెలలు తిరిగినవాణ్ణి నేను. ఒంగోలు, చీరాల, గుంటూరు, బెజవాడ. ఈ మాట చెబితే మా పిల్లలు నవ్వుతారు. గడియేముంది నాయనా, కొట్లోకి పోతే పది రకాలు చూపిస్తారు అంటారు. చూపిస్తారు. మన తలుపుకి పట్టేది మాత్రం ఆ పదింట్లో ఉండదు. ఉద్యమం గురించి రాయమంటే గడియ గురించి రాశాడేందిరా ఈయన అని మీరనుకున్నా సరే. 1997లో ఏడు నెలలు మా ఉద్యమం ఆ గడియ దగ్గరే ఆగిపోయింది.

మాది కొత్తపట్నం మాదిగపల్లె. ఊరికి ఒక పక్క సముద్రం, పల్లెపాలెం, సరుగుడు తోటలు. ఇంకో పక్క ఒంగోలు రోడ్డు. ఇసక నేల మాది. నల్లరేగడి మిరప చేలకీ పత్తి చేలకీ కూలికి పోవాలంటే గుంటూరు వైపు వలస పోవాల్సిందే. మా ఊరి పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. 1937లో సోషలిస్టులు ఇక్కడ వేసవి రాజకీయ పాఠశాల పెట్టారనీ, సర్కారు దాన్ని నిషేధించిందనీ రాస్తారు. ఆ పాఠశాలకి వచ్చినోళ్ళ పేర్లు రాస్తారు. వాళ్ళకి నీళ్ళెవరు మోశారో, కట్టెలెవరు కొట్టారో రాయరు. మా ముసలోళ్ళని అడిగితే వాళ్ళకీ తెలవదు. మోసినోళ్ళు మనోళ్ళే అయ్యుంటార్లే అంటారు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని నరికి చంపినప్పుడు నాకు పదహారేళ్ళు. చచ్చినోళ్ళు చావగా మిగిలినోళ్ళు చీరాల వచ్చి తలదాచుకున్నారు. నాయన నన్ను ఆ శిబిరానికి తీసుకుపోయాడు. చెప్పులు కుట్టే నాయన, ఏ మీటింగుకీ పోని నాయన, ఆ రోజు కత్తీ ఆరే సంచీలో పెట్టి మూల పడేసి బయల్దేరాడు. అక్కడ నేను మొదటిసారి మైకులో డప్పు విన్నాను. చావు డప్పు కాదు, జాతర డప్పు కాదు. నిలబెట్టే డప్పు. ఆ సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. నాకు అక్కణ్ణుంచే పాట పట్టింది.

మేం పదిమందిమి గుంపయ్యాం. మాలోళ్ళం, మాదిగోళ్ళం కలిసే. ముగ్గురు ఆడోళ్ళు. మా చిన్నత్త అందర్లోకీ పెద్దది, మొగుడు పోయినామె, గొంతు ఇత్తడి గంట. మీటింగంటే పొయ్యేది. పాట అయ్యేసరికి రాత్రి పదీ పదకొండు. బస్సులుండవు. యాడ పడుకోవాల? ఊళ్ళో సత్రం ఉంటది, మనకి కాదు. బడి ఉంటది, మేష్టారు తాళమేసుకుని పోయుంటాడు. పల్లెలో మనోళ్ళ ఇళ్ళు ఒంటి గదివి, అందులోనే మేకపిల్ల, ముసలాయన, బాలింత. మగోళ్ళం చర్చి అరుగు మీద పడుకునేవాళ్ళం. ఆడోళ్ళు ఆ ఒంటి గదుల్లో ఇరుక్కుని కూర్చునే తెల్లారగట్టేవాళ్ళు. పొద్దున్నే టీ కొట్టుకి పోతే మన గ్లాసులు చూరులో ఉండేవి.

అందుకని బండి కొన్నాం. 1996లో. ఒక ఆసుపత్రి వాళ్ళు పాత మెటడోర్ వ్యాను వేలమేస్తన్నారని తెలిసింది. ఇరవై రెండు వేలు. మా చిన్నత్త మిరపకోతకి పోయి తెచ్చిన కూలి డబ్బులు అందులో ఉన్నాయి. మాలపల్లె స్నేహితుడు ఒకడు గేదెనమ్మాడు. నాయన ఏం మాట్లాడకుండా ఆరొందలు తెచ్చి నా ముందు పెట్టాడు.

ఆ బండి గురించి కాస్త చెప్పాల. మెటడోర్ అంటే బజాజ్ టెంపో వాళ్ళ బండి. జర్మనీలో హాంబర్గు దగ్గర పుట్టిన టెంపో నమూనా. వెనక చక్రాలు కాదు, ముందు చక్రాలు లాగుతాయి. ఇంజను డ్రైవరు పక్కనే, మూత కింద. ఆ మూత వేడికి కాళ్ళు కాలేవి. మాకు మాత్రం అదే వరమైంది. సముద్రపు గాలికి, మంచుకి డప్పు మెత్తబడతది కదా, ఎక్కడికన్నా పోయి దిగంగానే గడ్డి మంటెయ్యాల్సిన పని లేకుండా డప్పులు ఆ మూత మీద పెట్టి పోనిచ్చేవాళ్ళం. దిగేసరికి ఖణేల్‌మనేవి. ఆ కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకుంది. అంతకు ముందే మెటడోర్ తయారీ ఆగిపోయింది. ఇప్పటి కుర్రాళ్ళు ఆ బండి చూసే ఉండరు.

వెనక భాగాన్ని ఇల్లు చేసుకున్నాం. రెండు పక్కలా చెక్క బల్లలు, మధ్యలో పలక వేస్తే మంచం. బల్లల కింద బియ్యం, గిన్నెలు, కిరసనాయిలు స్టవ్వు. ఒక మూల నీళ్ళ డ్రమ్ము, చేతికందేట్టు మా గ్లాసులు. కిటికీలకి పాత చీరెలతో తెరలు. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానుని మార్పించుకుని, చైతన్య రథమని పేరు పెట్టి, కొడుకు హరికృష్ణ నడపగా రాష్ట్రమంతా తిరిగాడు. అందులోనే పడుకుంటాడంట, రోడ్డు పక్కనే స్నానమంట అని జనం వింతగా చెప్పుకున్నారు. మేం పుట్టిందగ్గర్నుంచీ రోడ్డు పక్కనే నీళ్ళోసుకుంటన్నాం, ఎవరికీ వింత కాలేదు. మా బండికి రథమని పేరు పెట్టలా. చిన్నత్త దాన్ని ‘ఇల్లు’ అనేది. ఇల్లు స్టార్టు చెయ్యండ్రా, పోదాం అనేది.

ఇక గడియ సంగతి. 1997 మార్చి, మిరపకాయల కాలం. గుంటూరు వైపు ఒక ఊరు, పేరు రాయను. కళ్ళాల్లో కాయ ఆరబోసి ఉంది, గాలి కొడితే తుమ్ములు. మీటింగు బాగా జరిగింది. అంత బాగా జరగటమే తప్పయింది. ఆ రాత్రి ఆడోళ్ళు ముగ్గురూ బండిలో పడుకున్నారు, మేం దూరంగా వేపచెట్టు కింద. రెండింటప్పుడు ఎవరో వచ్చి వెనక తలుపు పట్టుకుని లాగారు. ఎంతమందో తెలవదు. తిట్టలేదు, అరవలేదు, లాగారు. వెనక తలుపుకి లోపలి గడియ లేదు. బయట పిడి తిప్పితే తెరుచుకుంటది. చిన్నత్త డప్పు తాడు తీసి తలుపు కమ్మికి చుట్టి, కాళ్ళు బల్లకి తన్నిపెట్టి పట్టుకుంది. మిగతా ఇద్దరూ ఆమె నడుం పట్టుకున్నారు. అరిస్తే మేం లేస్తాం, లేస్తే చంపుతారు అని ఆమె అరవలేదు. చాలాసేపు లాగి వాళ్ళు వెళ్ళిపోయారు. మాకు తెల్లారాక తెలిసింది. ఆమె రెండు అరచేతులూ తాడు వొరుసుకుని తోలు లేచిపోయి ఉన్నాయి.

దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. కొత్తపట్నంలో దిగాక నాతో అంది.

‘అబ్బాయా, లోపల్నుంచి గడియ పెట్టించు. అది పెట్టేదాకా నేను బండెక్కను. పాటా వొద్దు, మీటింగూ వొద్దు.’

మేం మగోళ్ళం ఆ బండిని ఏడాదిగా వాడతన్నాం. ఒక్కడికీ లోపలి గడియ లేదన్న సంగతి తట్టలేదు. ఈ మాట రాయటానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఎందుకు లేదో ఆలోచిస్తే తెలిసింది. అది ఆసుపత్రి బండి. లోపల పడుకునేవాడు రోగి. రోగికి లోపల్నుంచి గడియెందుకు? తలుపు తెరిచేవాడూ మూసేవాడూ బయటే ఉంటాడు. ముందు తలుపులు కంపెనీవి. వెనక రెండు రెక్కల తలుపు మాత్రం స్ట్రెచరు పోయేట్టు ఏదో షెడ్డులో కోయించి పెట్టించింది. తాళం డబ్బా లోపలి వైపు ఒక చదరపు ముక్క కోసేసి, రాపిడి పెట్టి, రంగేసి ఉంది.

మొదట ఒంగోల్లో ఒక స్పేర్ల కొట్టుకి పోయాను. తాళం డబ్బా విప్పి, దాని బోల్టులు రెండు తీసుకుపోయాను. కొట్టాయన బోల్టు చేతిలోకి తీసుకోలేదు. బల్ల మీద పెట్టమన్నాడు. ఏ ఊరన్నాడు. కొత్తపట్నమన్నాను. కొత్తపట్నంలో ఎవరబ్బాయివి అన్నాడు. ఆ ప్రశ్న మీ అందరికీ తెలిసిందే. బోల్టుకీ నాన్న పేరుకీ ఏం సంబంధమో ఈ దేశంలో ప్రతి కొట్టాయనకీ తెలుసు. నేను చెప్పాను. ‘మీ బండికి ఇది చాల్లే’ అని ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు బల్ల మీదకి జల్లాడు. గడియ అడిగితే, ఇనప గొళ్ళెం ఒకటి వెల్డింగు పెట్టించుకో పో అన్నాడు.

తీసుకొచ్చి బిగిస్తే రెండు చుట్లు తిరిగి ఆగింది. పదమూడు నంబరు పానా పెట్టి బలంగా తిప్పాను. బిగుసుకుంది కదా అనుకున్నాను. వారం తిరక్కుండా గతుకు రోడ్డు మీద ఊడిపడింది. చూస్తే తలుపు పలకలో మరలన్నీ నలిగిపోయి ఉన్నాయి. బాగున్నదాన్ని నేనే చెడగొట్టాను.

గొళ్ళెం వెల్డింగూ పెట్టించాం, ఎందుకు పెట్టించలేదు. రేకు పల్చన. వెల్డింగు వేడికి రేకు కాలి చిల్లు పడింది. అతుకు వేశారు. సముద్రపు గాలికి అతుకు రెండు నెలల్లో తుప్పు పట్టింది. చిన్నత్త వచ్చి వేలితో నొక్కింది, పెళ్ళలు రాలాయి. ఆమె వెళ్ళిపోయింది.

చీరాల్లో ఏమీ దొరకలేదు. గుంటూరులో మెటడోర్ సామాన్లు అమ్మే కొట్టుందని పోతే, వాళ్ళు మర్యాదగా పుస్తకం తీసి చూపించారు. ఈ తాళం మా పుస్తకంలో లేదన్నారు. మెటడోర్ వెనక తలుపు తాళం ఒకటి చేతిలో పెట్టారు. చిల్లులు కలవలేదు. అర అంగుళం తేడా.

ఆ రోజుల్లోనే మా గుంపు కూడా చీలింది. దాచటమెందుకు. 1994 జూలై 7న మా జిల్లాలోనే, ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. నేను అందులో ఉన్నాను. 1997 జూన్‌లో ప్రభుత్వం ఎస్సీల్ని ఏ, బీ, సీ, డీ అని వర్గీకరించింది. మా మాల స్నేహితులు నాతో మాట్లాడటం తగ్గించారు. నేనూ తగ్గించాను. గేదెనమ్మి బండికి డబ్బులిచ్చినవాడు ఒక సాయంత్రం వచ్చి బండి చుట్టూ తిరిగి చూశాడు. నా వాటా ఇచ్చెయ్యమంటాడేమో అనుకున్నాను. ‘గడియ దొరికిందా?’ అన్నాడు. లేదన్నాను. జేబులోంచి నూరు రూపాయలు తీసి ఇంజను మూత మీద పెట్టి, ‘నేను మళ్ళీ రాను. ఇది గడియకి’ అని పోయాడు. 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే సుప్రీంకోర్టు చేసుకోవచ్చంది. నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, వాటా కావాల్సిందే. కానీ ఆ నూరు రూపాయల నోటు సంగతి ఏ తీర్పులోనూ తేలలేదు. వాడూ నేనూ పెళ్ళిళ్ళలో కలిస్తే పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం.

మళ్ళీ గడియ దగ్గరికొస్తా. నా తిరుగుడంతా చూసి నాయన ఒకరోజు అడిగాడు, ‘కొలత తీసుకున్నావంట్రా?’ అని. బోల్టు తీసుకుపోయాను గదా అన్నాను. ‘కాలు తీసుకుపోతే చెప్పు వస్తదా?’ అన్నాడు.

నాయన కొలత ఎట్టా తీసుకునేవాడో చెప్పాల. కామందులు చెప్పులు చెయ్యమంటే కాలు పట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. నాయన తడి ఇసక పరిచి అడుగెయ్యమనేవాడు. కామందు అడుగేసి పక్కకి తప్పుకున్నాక తాటాకు పేలిక తీసి పొడుగు ఒక గంటు, వెడల్పు ఒక గంటు, మడమ దగ్గర ఒక గంటు. ఆ జాడని చూసే లోతు ఎక్కడుంది, బరువు ఎటు పడతంది, కాలు ఎటు ఈడుస్తాడు అన్నీ చెప్పేవాడు. ముట్టుకోకుండా కుట్టిన చెప్పు కరవకుండా సరిపోయేది. చెప్పులు తీసుకునేటప్పుడు మాత్రం ఆ చేతుల్ని ముట్టుకోకుండా డబ్బులు పైనుంచి వేసేవాళ్ళు.

తాటాకు తెచ్చి తలుపు చిల్లుల మీద పెట్టి గంట్లు పెట్టాడు. నాలుగు చిల్లులు, మధ్యలో చదరపు కంత, నాలుక బయటికొచ్చే చోటు. పాత బోల్టు తీసుకుని, నల్లదారం మరల్లో పెట్టి చుట్టాడు. నేనిచ్చిన కొత్త బోల్టుకీ చుట్టాడు. అదే పొడుగులో పాతదానికి చుట్లు ఎక్కువొచ్చాయి. ‘ఇది అది కాదురా’ అన్నాడు. చదువుకోని నాయన. డిగ్రీ చదివిన నేను మూడు నెలలు లావే చూశాను గానీ చుట్లు లెక్కపెట్టలేదు.

ఆ తాటాకూ ఆ బోల్టూ తీసుకుని బెజవాడ ఆటోనగర్ పోయాను. లారీలూ బస్సులూ విప్పేవాళ్ళూ బిగించేవాళ్ళూ, అదొక ఊరే. మొదటి రోజు సాయంత్రం దాకా తిరిగాను. పాత ఇనప సామాన్ల వరసలో ఒక ముసలి సాయిబు గారు కూర్చుని పళ్ళెంలో నట్లు ఏరుతున్నారు. ‘మెటడోర్ వెనక తలుపు గడియ’ అన్నాను. పాత బోల్టు అడిగి తీసుకున్నారు. చేత్తో తీసుకున్నారు. దంతాల రేకుల కట్ట ఒకటి విప్పి ఒక్కో రేకూ బోల్టు మరలకి ఆనించి వెలుతురుకేసి చూశారు. మూడో రేకుకి సందు కనపడకుండా కూర్చుంది.

‘ఇది మెటడోర్‌ది కాదు బాబూ. అందుకే నీకు మెటడోర్ కొట్లో దొరకలేదు.’

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. ఇలాంటి పాత బండ్లతో కుస్తీ పడేవాళ్ళకి పనికొస్తది. మెటడోర్ జర్మనీ తరహాది, మిల్లీమీటర్ల లెక్క. దాని ఎనిమిది బోల్టుకి చుట్టు చుట్టుకీ మధ్య మిల్లీమీటరూ పావు దూరం. నా చేతిలో ఉన్నది అంగుళాల లెక్క. అంగుళంలో పదహారు భాగాల్లో అయిదు భాగాల లావు. అంటే ఎనిమిది మిల్లీమీటర్లకి వెంట్రుకంత తక్కువ, కంటికి తేడా తెలవదు. కానీ చుట్లు అంగుళానికి ఇరవై నాలుగు. ఎనిమిది బోల్టుకి అంగుళానికి ఇరవై పైచిలుకే. అందుకే ఒకదాన్లో ఇంకోటి పెడితే రెండు చుట్లు పోయి ఆగుతది. అక్కడ ఆపి బయటికి తియ్యాల. బలవంతం చేస్తే మెత్తటి ఇనుము ఏదైతే అది నలిగిపోద్ది. ‘పదమూడు పానా కొంచెం వదులుగా ఆడలేదా?’ అన్నారు. ఆడింది. పాత బోల్టు విప్పేటప్పుడే ఆడింది. అది అర అంగుళం పానా బోల్టు. ఆ వదులే చెప్పింది, నేనే వినలేదు.

తాళం డబ్బా స్టాండర్డు 20 వ్యానుదంట. మద్రాసులో స్టాండర్డు మోటార్ కంపెనీ వాళ్ళు ఇంగ్లీషు నమూనా మీద చేసిన వ్యాను అది. ఆ కంపెనీ 1980ల చివర్లో మూతపడింది. షెడ్డు వాళ్ళు పాత స్టాండర్డు తలుపుల తాళం తెచ్చి మెటడోర్‌కి తగిలించారన్నమాట. ‘దీనికి లోపలి పిడి ఉండేది. కోసేశారు’ అని తాటాకు మీద చదరపు కంత దగ్గర వేలు పెట్టి చూపించారు. ఆ తాటాకుని అటూ ఇటూ తిప్పి, ‘ఎవరు తీశారీ కొలత?’ అన్నారు.

‘మా నాయన. చెప్పులు కుడతాడు.’

‘మంచి చెయ్యి’ అన్నారు. అంతే. ఒంగోలు కొట్లో నాన్న పేరు చెప్పినప్పటి గొంతే నాది. జవాబు వేరుగా వచ్చింది.

ఆ రోజు గడియ దొరకలేదు. పదిహేను రోజులాగి రమ్మన్నారు. అట్టా నాలుగు తూర్లు పోయాను. బస్సు ఛార్జీలకి కూలికి పోయాను. పొగాకు గ్రేడింగు దగ్గర మూటలెత్తాను. మూడో తూరి ఒకటి తెప్పించారు గానీ అది ఎడమ రెక్కది, నాలుక అటు తిరిగి ఉంది. నాలుగో తూరి, సెప్టెంబరులో, గోనెసంచిలోంచి ఒక డబ్బా తీశారు. గ్రీజూ మట్టీ ముద్ద. కిరసనాయిల్లో ముంచి కుంచెతో కడిగితే ఇత్తడి నాలుక బయటపడింది. వెనక చదరపు కడ్డీ, దాని చివర లోపలి పిడి, పిడి కింద చిన్న మీట. మీట కిందికి నొక్కితే బయట పిడి తిరగదు. తాటాకు పెట్టి చూశాం. నాలుగు చిల్లులూ కలిశాయి. నూట నలభై రూపాయలు. నూరు రూపాయల నోటు అదే ఇచ్చాను. బోల్టులు ఆరు, నట్లు ఆరు, నలిగిన మరల్ని మళ్ళీ తెరవటానికి ట్యాపు ఒక్క రోజు కోసం ఊరికే ఇచ్చారు. తిరిగి పంపిస్తానని నమ్మి ఇచ్చారు. పంపించాను.

బిగించే రోజు ఇంకో చిక్కొచ్చింది. ఇత్తడి, దాని పక్కన ఇనప బోల్టు, పైన సముద్రపు గాలి. పల్లెపాలెంలో పడవలు బాగుచేసే పెద్దాయన చూడ్డానికొచ్చి తల అడ్డంగా ఊపాడు. ఉప్పుగాలిలో ఇత్తడిని ఆనుకున్న ఇనుము తొందరగా తినుకుపోద్ది, మధ్యలో ఏదన్నా పెట్టు అన్నాడు. రబ్బరు వాచర్లు వెతికాం, ఆ మందం లేవు. నాయన లోపలికి పోయి తంగేడు చెక్కతో ఊనిన తోలు ముక్క తెచ్చాడు. ఆముదంలో నానబెట్టి, బోల్టుకి ఒకటి చొప్పున బిళ్ళలు కోశాడు. పడవలాయన దాన్ని పళ్ళ మధ్య పెట్టి నొక్కి చూసి సరేనన్నాడు. పల్లెపాలెం ఆయన మాదిగ తోలు నోట్లో పెట్టుకోవటం నేను చూడటం అదే మొదలు. ఆయనకి ఆ సంగతి తట్టినట్టే లేదు. పనిలో పడితే కొందరికి తట్టదు. పని అయ్యాక టీ ఇస్తే మాత్రం తాగలేదు, పొద్దుపోయిందన్నాడు.

మరలు ట్యాపుతో తెరిచాం. అర అంగుళం పానా పెట్టి తిప్పితే బోల్టు చేత్తోనే నాలుగు చుట్లు పోయింది, ఆ తర్వాత పానా. ఎక్కడా పట్టలేదు. మెత్తగా పోయి గట్టిగా ఆగింది.

చిన్నత్తకి కబురు చేశాం. వచ్చింది. చేతుల మీద మచ్చలు తెల్లగా మిగిలిపోయాయి. ఎవరితోనూ మాట్లాడకుండా బండెక్కి తలుపు లాక్కుంది. నాలుక పడ్డ చప్పుడు వినపడింది. తర్వాత మీట నొక్కిన చిన్న చప్పుడు.

‘లాగండ్రా’ అంది లోపల్నుంచి.

నేను లాగాను. రాలేదు.

‘ఒక్కడివి కాదు. అందరూ లాగండి. గట్టిగా.’

నలుగురం పట్టుకుని లాగాం. బండి స్ప్రింగుల మీద ఊగింది గానీ తలుపు కదల్లేదు. నాయన దూరంగా కూర్చుని బీడీ కాల్చుకుంటా చూస్తన్నాడు. చాలత్తా, దిగు అన్నాను. జవాబు లేదు. కిటికీ తెర సందులోంచి చూస్తే బల్ల మీద పడుకుని ఉంది. పట్టపగలు. నిద్రపోయింది. పొద్దుగూకిందాకా లేవలేదు, మేమూ లేపలేదు.

ఆ వారమే మళ్ళీ మీటింగుకి పోయాం. ఆరుగురమే. తర్వాత ఇంకో పన్నెండేళ్ళు ఆ బండి తిరిగింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన నాడు బండి ఒంగోల్లో షెడ్డులో ఉండబట్టి మిగిలింది. వారం పాటు పల్లెపాలెం ఆడోళ్ళు, పసిపిల్లలు అందులో పడుకున్నారు. గడియ ఎట్టా వెయ్యాలో చిన్నత్తే చూపించింది. పడవలాయన ఆ వారం మా ఇంట్లో టీ తాగాడు.

2009లో చాసిస్ విరిగింది. తూకానికి అమ్మేశాం. అమ్మే ముందు గడియ విప్పుకున్నాను. తోలు బిళ్ళలు నల్లగా రాయిలాగా అయ్యాయి గానీ బోల్టులు తుప్పు పట్టలేదు. ఇప్పుడది మా దొడ్లో మరుగుదొడ్డి తలుపుకి ఉంది. చిన్నత్త పోయేదాకా, అంటే 2016 దాకా, ఆ మీట నొక్కకుండా ఉండలేదు. ఇంట్లో ఎవరూ లేకపోయినా నొక్కేది. మొన్న వానలకి ముందు విప్పి ఆముదం పెట్టాను. మా చిన్నవాడు సాయం పడతా పదమూడు పానా అందించాడు. అది కాదురా, గోడకి మేకుకి వేలాడతంది చూడు, దానికి ఎర్రదారం కట్టి ఉంటది, అది తే అన్నాను.